ముల్కి రైలు వంతెన కింద జొన్న కంకి

జహీరాబాద్ నుంచి ముల్కి వెళ్తున్నామంటే అందరూ సర్ఫింగ్ కోసమే అనుకున్నారు. నేను వెళ్లింది మా మేనత్త సాయమ్మ కోసం. న్యాల్‌కల్‌లో ఉండే ఆమె భర్త, మా మామ, ముప్పై ఏళ్ల కింద రెండేళ్లు కనబడకుండా పోయి, తిరిగొచ్చాక కర్ణాటకలో సముద్రం పక్కనున్న ముల్కిలో రైలు వంతెన పనికి పోయానని చెప్పాడు. ఊరేమో బీదర్‌లో ఇంకో సంసారం పెట్టాడంది. పోయినేడు మామ చనిపోయాడు. "గా వంతెన నా కండ్లతోని చూడాలె బిడ్డా" అని అత్త పట్టుబట్టింది.

హైదరాబాద్ నుంచి రైల్లో మంగళూరు, అక్కడి నుంచి బస్సులో గంట. పొద్దున తొమ్మిదికల్లా బీచ్‌లో ఉన్నాం. పలకలెక్కి అలల మీద నిలబడబోయి పడుతున్నవాళ్లను అత్త కాసేపు చూసింది. "పడుడే పనైతే ఎక్కుడెందుకు?" అంది.

ఆరు వందలకు పడవ మాట్లాడుకుని నదిలో వంతెన దాకా వెళ్లాం. మామకు ఒక అలవాటుండేది. ఎక్కడ సిమెంటు పనిచేసినా, ఆరకముందే ఇంటి నుంచి తీసుకెళ్లిన జొన్న కంకిని అందులో ఒత్తి తీసేవాడు. ఇక్కడ ఒడ్డుగోడ కింది మెట్టు మీద ఒత్తానని చెప్పేవాడు. తీరా చూస్తే మెట్లే లేవు, అన్నీ నీళ్లే. అత్త ముఖం మాడిపోయింది.

"అబద్ధమే చెప్పిండు. పా, పోదాం."

మేము మంజీరను చూసి పెరిగినవాళ్లం. నీళ్లొస్తే రోజుల తరబడి ఉంటాయనే మా లెక్క. నేనూ సరేనన్నాను. పడవ నడిపే అతను నవ్వి, ఇది సముద్రపు పోటు, మూడింటికి రండి, మెట్లు తేలతాయని కన్నడలో చెప్పాడు. కర్ణాటక సరిహద్దు ఊరి మనిషి కదా, అత్తకు నాకంటే ముందే అర్థమైంది.

మధ్యాహ్నం నేను చేపల భోజనం చేశాను. అత్త తెచ్చుకున్న జొన్న రొట్టె విప్పింది గానీ ముట్టలేదు.

మూడింటికి మెట్లు బయటపడ్డాయి. అత్త మోకాళ్ల మీద కూర్చుని, కొంగుతో నాచు రుద్దింది. జొన్న కంకి ముద్ర, గింజ గింజా తెలుస్తోంది. పడవతను వంగి చూసి ఇదేమిటని అడిగాడు. వాళ్ల వైపు పండేది వరి మరి.

"ఎన్ని తిట్లు తిట్టిన నిన్ను! జర ఒక్కపారి తోల్కొచ్చి చూపియ్యరాదా?" అని అత్త ఆ మెట్టుతో అంటూ ఏడ్చింది. పైన రైలు పోతుంటే తల కూడా ఎత్తలేదు.

ఊరి మాట నేనూ నమ్మినవాణ్ణే. అక్కడ నిలబడి ఉంటే సిగ్గేసింది. మీరు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పడవ మాట్లాడే ముందు ఆటు ఎప్పుడో, నీళ్లు ఎన్నింటికి దిగుతాయో కనుక్కోండి. పొద్దున్నే తిరిగొచ్చేసి ఉంటే, మా అత్త బతికినన్నాళ్లూ మామను అబద్ధాలకోరనే అనుకునేది.