అమ్మ పేరు మీద పాట

మా అమ్మ పేరు మీద ఒక పాట ఉంది. పాత సినిమా పాట, పెద్ద హిట్. పల్లవిలో మొదటి మాటే ఆ పేరు. ఇక్కడ రాయను. రాస్తే మీరు చదవడం ఆపి ఫోన్లో ఆ పాట పెట్టుకుంటారు. నేనైతే అదే చేస్తాను.

హైదరాబాద్‌లో నేను చదివిన కాలేజీలో పాటలున్న పేర్ల అమ్మాయిలు నలుగురైదుగురు ఉండేవాళ్లు. వాళ్లు క్యాంటీన్‌లోకి వస్తే చాలు, ఏదో ఒక మూల నుంచి ఎవడో ఎత్తుకునేవాడు. నా పేరు మీద ఏ పాటా లేదు కాబట్టి నాకు ఆ పీడ లేదు. కానీ ఒకరోజు సిటీ బస్సులో ఒకడు అమ్మ పేరు పాట ఫోన్లో గట్టిగా పెట్టాడు. ముందు సీట్లో ఉన్న అమ్మాయిని చూస్తూ, ఆ పేరు వచ్చే చోటికే మళ్లీ మళ్లీ వెనక్కి జరుపుతున్నాడు. నాలుగోసారికి లేచి వెళ్లి వాడి ఫోన్ లాక్కున్నాను.

"నీ పేరు గాదు గద, నీకేం నొప్పి?" అన్నాడు.

"మా అమ్మ పేరు. ఇంకోసారి పెట్టు, ఫోన్ కిటికీలకెల్లి పోతది."

ఫోన్ వాడి ఒళ్లో పడేశాను. వాడు మళ్లీ పెట్టలేదు. కాసేపటికి నాకే ఆ పాట వినాలనిపించింది. అప్పటికి అమ్మ చనిపోయి రెండేళ్లు. బయట ఎవరైనా ఆ పేరు అంటే వినేదాన్ని కానీ, మా ఇంటికొచ్చి ఆ పేరు పిలిచేవాళ్లు లేరు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేనే పాట పెట్టుకున్నాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

అప్పటి నుంచి ఆడవాళ్ల పేర్లున్న పాటలన్నీ ఒకచోట చేర్చడం మొదలుపెట్టాను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, మా పక్క డీజే పాటలు, ఏవి దొరికితే అవి. ప్రతి పాటలోనూ ఒక మగవాడు కొండెక్కి, పడవెక్కి, రైలు డబ్బా ఎక్కి ఆ పేరు అరుస్తాడు. ఏమాత్రం సిగ్గుండదు. మా ఇంట్లో మాత్రం బాపు అమ్మను "ఓయ్" అనేవాడు. లేకపోతే "ఇంటున్నవా" అనేవాడు. మాది కేతేపల్లి దగ్గర మగ్గాల ఊరు. మా పెద్దవాళ్లలో పెళ్లాం పేరు మగడు అనడు, మగడి పేరు పెళ్లాం అనదు. అమ్మ పేరు బాపు నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. దవాఖానలో చీటీ రాయించేటప్పుడు కూడా ఆధార్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టేవాడు.

బాపు చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఒక చీరల షాపులో పనిచేశాడు. లాక్‌డౌన్‌లో షాపు మూతపడితే ఊరికి వచ్చి మళ్లీ మగ్గం ఎక్కాడు. మగ్గం మీద చేతులకూ కాళ్లకూ ఖాళీ ఉండదు. అందుకే పక్కన ఫోన్లో పాటలు వాటంతటవే వస్తుంటాయి, ఏది వస్తే అది వింటాడు. అన్నానికి పిలిచినా, ఎవరైనా వచ్చినా చేస్తున్న వరుస అయ్యేదాకా ఆగడు. ఒక్క ఆ పాట వస్తేనే ఆగుతుంది మగ్గం. చేతిలో పని వదిలేసి, వేలితో పాట మార్చి, మళ్లీ మొదలుపెడతాడు. సెలవులకు వెళ్లినప్పుడు లోపలి గదిలో పడుకుని వినేదాన్ని. టకటక ఆగిందంటే అమ్మ పాట వచ్చిందన్నమాట. నాకు ఒళ్లు మండేది. పాట ఏం పాపం చేసింది?

మొన్న వేసవిలో నల్గొండలో మా మేనత్త కొడుకు పెళ్లయింది. కొత్త జంట ఇంటికి రాగానే పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు గడపకు అడ్డం నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తారు. ఇప్పటి పెళ్లికొడుకు ఏం సిగ్గుపడతాడు? పది ఫోన్ల ముందు పెళ్లాం పేరు అరిచి చెప్పాడు. అందరూ ఈలలు వేశారు. నేను అత్త పక్కకు జరిగాను.

"అత్తా, మా బాపు చెప్పిండా?"

"నేనే గద అడ్డం నిలవడ్డది. చెప్పకుంటె ఇడుస్తనా? చెప్పిండు."

"అమ్మ పేరు? నోరు తెర్సి?"

"నోరు తెర్వకుంట ఎట్ల చెప్తరే? క్యాసెట్ల ఉంటది సూస్కో పో."

ఆ క్యాసెట్ అత్త బీరువాలోనే ఉంది. పాత పెద్ద వీడియో క్యాసెట్. అది ఆడే మిషన్ ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉంటుంది? క్లాక్ టవర్ వెనక సందులో ఒక ఫొటో స్టూడియో ఉందని, ఆ పెళ్లి వీడియో తీసింది కూడా వాళ్లేనని అత్త చెప్పింది. కౌంటర్‌లో ఉన్న పెద్దాయనను ఊరంతా చాచా అంటుంది. క్యాసెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "బూజు పట్టింది బిడ్డా, జర టైం ఇయ్యి" అన్నాడు. రెండు రోజులు అత్త ఇంట్లోనే ఉండిపోయాను.

మూడో రోజు చాచా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గడప దగ్గర మా అత్త, సన్నగా, రెండు చేతులూ అడ్డం పెట్టి. అమ్మ నాకంటే చిన్నది. తల వంచుకుని ఉంది కానీ, కళ్లు మాత్రం పక్కనున్న బాపు వైపు తిప్పింది. చెబుతాడా లేదా అని చూస్తోంది. బాపు నోరు తెరిచాడు.

పాట మొదలైంది. తెర నిండా గులాబీ రేకులు రాలాయి. మధ్యలో గుండె ఆకారం వచ్చి, అందులో అమ్మ ముఖం గిర్రున తిరిగింది. సినిమా గాయకుడు అమ్మ పేరు సాగదీసి పిలుస్తున్నాడు. వెనక బాపు పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"చాచా, ఈ పాట తీసెయ్యి. అసలు మాటలు పెట్టు."

"అసలు మాటలు ఏడికెల్లి వస్తయి? మీదికెల్లి పాట ఎక్కించినంక అసలుది పోతది."

"ముందుగల తీసిన క్యాసెట్?"

"దాని మీదనే ఇంకో పెండ్లి తీస్తుంటిమి."

"ఎవరు పెట్టమన్నరు మీకు? మా అమ్మ పెండ్లి అది, మీ సినిమా గాదు!"

"లొల్లి జేయకు. అప్పట్ల గట్లనే ఉండె. పిల్ల పేరు మీద పాట ఉంటె అదే ఎయ్యాలె, ఎయ్యకుంటె మనోళ్లే ఒర్రుదురు. పేర్ల పాటలకు నేను ఒక డబ్బనే పెట్టుకున్న. పాట లేని పేరొస్తె పరేషాన్ అయితుంటి."

నా కళ్లల్లో నీళ్లు చూసి చాచా వీడియో నా ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు.

ఊరికి పోయే బస్సులో సౌండ్ తీసేసి చూశాను. ఎన్నిసార్లో లెక్కలేదు. అమ్మ పేరు మూడక్షరాలు. బాపు పెదవులు మాత్రం చాలాసేపు కదిలాయి. పేరుతో పాటు ఇంకేదో అన్నాడు. ఏమని ఉంటాడు? ఏదో పొడవైన, మంచి మాట అయి ఉంటుందని నాకు నేనే నాలుగైదు రకాలుగా అల్లుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. బాపు మగ్గం మీద ఉన్నాడు. ఫోన్ తీసుకెళ్లి ముందు పెట్టాను. తువ్వాలతో చేతులు తుడుచుకుని చూశాడు. అత్త వచ్చింది, అమ్మ వచ్చింది, పాట వచ్చింది. బాపు వేలు ఆపడానికి కదిలింది. ఫోన్ వెనక్కి లాక్కున్నాను.

"ఇయ్యాల ఆపేది లేదు. గక్కడ ఏమన్నవో చెప్పు."

"ఏమంటి? ఏమనలే."

"నోరు కదుల్తాంది గద బాపు. అమ్మ పేరే గదా?"

బాపు నవ్వాడు. "పేరు యాడిది? మీ అత్తకు మొక్కిన. నీకు మంచి చీర నేసిస్త, గింతమంది ముందల ఇజ్జత్ తీయకు, లోపటికి రానియ్యే అన్న."

"అత్త చెప్పినవన్నది."

"చీర కట్టుకున్నంక గట్లనే అంటది."

"మరి పాట?"

"నేనే ఎయ్యమన్న. బస్సెక్కి నల్గొండ స్టూడియోకు పోయి, గా జాగల పాట ఎయ్యి అన్న. లేకుంటె నేను చెప్పలేదని అందరికి ఎరుకైతది గద."

నాకు కోపం తన్నుకొచ్చింది. బస్సులో అల్లుకున్న మాటలన్నీ చీర బేరం అయిపోయాయి. "మూడక్షరాలు బాపు! మూడంటె మూడు! ఊరోళ్లందరు పిలుస్తరు, పాటోడు పిలుస్తడు, నీకేమైంది?"

"మీ అమ్మ గూడ గట్లనే ఒర్రేది," అన్నాడు. నవ్వు పోయింది. "మీ అత్తింట్ల వీడియో సూసినప్పుడల్ల, పాటోడు పిలిచిండు, నువ్వెప్పుడు పిలుస్తవ్ అంటుండె. దవాఖానల గూడ అడిగింది. పక్క మంచాలోళ్లు ఇంటరని, ఇంటికి పోయినంక పిలుస్తలే అన్న."

అమ్మ దవాఖాన నుంచి నడుచుకుంటూ ఇంటికి రాలేదు.

పాట అయిపోయి వీడియోలో ఎవరో విస్తళ్లు వేస్తున్నారు. ఫోన్ బోర్లా పెట్టాను. బాపు మగ్గం మీద నుంచి లేచి, నడుము పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి అమ్మ పేరు పెట్టి పిలిచాడు.

పాటలోలా సాగదీయలేదు. పొయ్యి దగ్గర ఉన్న మనిషికి వినబడేటంత గొంతుతో, మంచినీళ్లు తెమ్మన్నట్టు పిలిచాడు. పిలిచి ఆగాడు. అలా పిలిస్తే ఎవరో ఒకరు పలకాలి. ఇన్నేళ్లూ ఆ పేరు బాపు నోట వింటే చాలనుకున్నాను. విన్న తర్వాత ఇల్లు ఇంత ఖాళీగా ఉంటుందనుకోలేదు. బాపు ఇంకా వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాడు. నాకు భరించడం చేతకాలేదు.

"ఆఁ," అన్నాను.

"నిన్ను గాదు."

"ఎరుకే, బాపు."