ట్యాంకులో బొక్క

నా చిన్నప్పుడు, నాచారంలో మా మిద్దె మీది నీళ్ళ ట్యాంకు మా ఇంట్లో ఓ యుద్ధం తెచ్చిపెట్టింది. నేను చెప్పేవాటిలో సగానికి పైగా కోతలేనని మావాళ్ళ ఫిర్యాదు. ఉండనీ. దీనికి మాత్రం నేను ఉప్పూకారం వెయ్యాల్సిన పని పడలేదు.

తెలంగాణ కావాలని మళ్ళీ జెండాలు లేచిన కొత్త రోజులవి. ఫ్యాక్టరీలో రిటైరైన మా తాత ప్రతి ఊరేగింపుకీ ఉప్పల్ చౌరస్తా దాకా నడిచి వెళ్ళేవాడు. సరిగ్గా అప్పుడే మా పై వాటాలోకి గోదావరి వైపు నుంచి ఓ లెక్కల మాస్టారి కుటుంబం కిరాయికి దిగింది. వాళ్ళు మాంసం ముట్టరు. మాస్టారి కూతురు నా ఈడుదే. వారం తిరక్కముందే ఒకరి జడ ఒకరం వేసుకునేంత జతయ్యాం.

ఓ ఆదివారం మధ్యాహ్నం తాత మటన్ తింటున్నాడు. మాస్టారు మెట్లు దిగి వచ్చి, "పెద్దాయన గారూ, ట్యాంకులో బొక్కుందండి" అన్నారు. తాత చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మాకు బొక్క అంటే ఎముక. మేం తిని పడేసిన ఎముక వాళ్ళు తాగే నీళ్ళలో ఉందని అంటున్నాడు ఈయన. పైగా తీరిగ్గా, "ట్యాంకు మీది కాబట్టి బొక్కా మీదేనండి, మీరే చూసుకోవాలి" అని కూడా అన్నారు.

తాత, వెనకాల నేను, మిద్దెక్కి మూత తీసి కట్టెతో అడుగంతా దేవాం. ఏమీ దొరకలేదు. ట్యాంకు కింద గోడ తడిసి ఉంది. ఎముక కోసం వెతికేవాళ్ళకు తడి కనిపిస్తుందా?

"బొక్క లేదు, గిక్క లేదు. మా మీద బట్ట గాల్చి ఏస్తున్నవు" అన్నాడు తాత. ఉన్నదాన్ని లేదంటారేంటండి, మీ ప్రాంతంవాళ్ళంతా ఇంతేనా అన్నారు మాస్టారు. అంతే. నదుల నీళ్ళన్నీ మీరు పట్టుకపోయి, ఇప్పుడు మా ట్యాంకు నీళ్ళకు వంక పెడుతున్నారా అని తాత లేచాడు. ఒకటో తారీకుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. మర్నాడే మాస్టారు బోడుప్పల్‌లో ఇల్లు చూసొచ్చారు. ఆయన కూతురూ నేనూ మెట్ల మీద కూర్చుని ఏడ్చాం.

అక్కడే మమ్మల్ని పట్టుకుంది మా చిన్నత్త. ఆమె ఇజ్రాయెల్‌లో, హైఫా అనే ఊళ్ళో, ఓ యూదు ముసలమ్మను చూసుకునే పనిచేసి, అక్కడ గొడవలు ముదిరాక తిరిగొచ్చింది. జరిగిందంతా విని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి, మాకో ముచ్చట చెప్పింది.

ఆ ముసలమ్మ ఓ రోజు రొట్టె తెమ్మందట. ఆమె భాషలో రొట్టెను లెహెం అంటారు. కింద కొట్టు ఓ అరబ్బు పెద్దాయనది. ఆయన భాషలో లహం అంటే మాంసం. అత్త తెలుగు నాలుక మీద రెండూ కలిసిపోయాయి. ఆయన మాంసం కట్టిచ్చాడు. తనని ఎగతాళి చేశాడని ముసలమ్మ తిప్పి పంపింది. అరబ్బు చేతిదని తిప్పి పంపిందని ఆయన మండిపడ్డాడు. బయట కాల్పులు జరిగే రోజుల్లో ఎవరికైనా అట్లాగే తోస్తుంది. పలకరింపులు ఆగిపోయాయి. చివరికి అత్త ఒక పళ్ళెంలో రొట్టె, మాంసం పెట్టుకుని ఇద్దరి నడుమ నిలబడి, వాటి పేర్లు ఇద్దరి చేతా పలికించింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అత్తను తిట్టడం. బయట గొడవలు ఆగలేదు. ఆ కొట్టు మెట్లు మాత్రం ముసలమ్మ మళ్ళీ దిగింది.

తర్వాతి ఆదివారం అత్త మటన్ కొట్టు నుంచి ఓ ఎముక తెచ్చి, స్టీలు పళ్ళెంలో పెట్టి, వాకిట్లో నిలబడి ఇద్దరినీ పిలిచింది.

"సారూ, గిదేందో జర చెప్పుండ్రి."

"ఎముక కదండీ," మాస్టారు ఓ అడుగు వెనక్కి వేశారు.

"నాయినా, నువ్వు చెప్పు."

"బొక్క."

"మరి సారూ, మీ బొక్క ఏడున్నదో చూపియ్యుండ్రి."

మాస్టారు చెయ్యెత్తి ట్యాంకు వైపు చూపించారు. దాని అడుగు నుంచి గోడ మీదికి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తాత తలెత్తి ఆ ధార వైపు కర్ర చూపించాడు.

"గది తూటు గదనయ్యా."

"మావైపు దాన్నే బొక్కంటారండి."

"మీ దిక్కు మాట నాకెట్ల ఎర్క?"

"మీ వైపు మాట నాకు మాత్రం ఎలా తెలుస్తుందండీ?"

ఎవరూ క్షమాపణ చెప్పుకోలేదు. ఏది అసలు తెలుగన్న దాని మీద చీకటి పడేదాకా వాదించుకున్నారు, నడుమ దూరిన అత్తను మాత్రం ఇద్దరూ కలిసి తిట్టారు. బోడుప్పల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇది తెలియని మా గల్లీ పోరగాళ్ళు కొందరు రెండ్రోజులకు గేటు ముందుకొచ్చారు. "తాతా, ఆంధ్రోళ్లను ఎల్లగొడ్తున్నవట గద. సామాన్లు మేం బయట పెడ్తం" అన్నారు. తాత తన జెండా కర్రను గేటుకు అడ్డం పెట్టాడు. "జెండా నాది, ఇల్లు నాది, కిరాయికున్నోడు నావోడు. నడుమ నువ్వెవడివిరా? ముందుగల్ల చెప్పు, బొక్కంటే ఏంది?"

"బొక్కంటే బొక్కనే తాతా."

"తప్పు. పో, నేర్సుకొని రా."

చాలా ఏళ్ళకు రాష్ట్రం వచ్చిన రోజు తాత గల్లీ అంతా మిఠాయి పంచాడు. మొదటి డబ్బా పై వాటాకే. మాస్టారికి ఆ రోజు మనసు బాగాలేదు. అయినా ఒకటి తీసుకుని, తాత ఎదురుగానే తిన్నారు.

ఇప్పటికీ ఎక్కడో ఒకచోట, నువ్వు ఎటువైపు అని నన్ను నిలదీసేవాళ్ళు ఉంటారు. ప్రాంతం కావచ్చు, మతం కావచ్చు. నేను జవాబు చెప్పను. బొక్కంటే ఏంటో చెప్పమంటాను. ఎముక అన్నవాడికి రంధ్రమని చెప్తాను, రంధ్రం అన్నవాడికి ఎముక అని చెప్తాను. రెండు వైపులా తిట్లు పడతాయి. పడనీ. మా అత్త రెండు దేశాల్లో తిన్నది, నేను ఒక్క ఊళ్ళో తినలేనా?