ఊ కొట్టడానికి జాగా

ఇనుప గనుల ఊరు బచేలి ఆస్పత్రిలో పొజ్జేకున్నంత పేరు ఏ డాక్టరుకూ లేదు. కొండలు దిగి వచ్చే జనానికి డాక్టర్ల హిందీ అర్థం కాదు. వాళ్ల గోండీ, దోర్లీ డాక్టర్లకు అంతుపట్టవు. ఆ ఇద్దరి మధ్యా నిలబడే ఆయా పొజ్జే. హిందీలో విన్నది దోర్లీలో, గోండీలో విన్నది హిందీలోనో తెలుగులోనో చెప్పడం ఆమెకు మంచినీళ్లు తాగినంత తేలిక.

చెప్పడంలో ఆమెకో పద్ధతి ఉంది. ఏం జరగబోతుందో ముందే మొత్తం చెప్పేస్తుంది. ఇప్పుడు సూది వేస్తారు, చీమ కుట్టినట్టు ఉంటుంది, కాస్త కళ్లు తిరుగుతాయి, బెదరొద్దు, సాయంత్రానికి అన్నం తింటావు. ముందు తెలిస్తే భయం సగం పోతుందని ఆమె నమ్మకం. ఇరవై రెండేళ్లు పనికొచ్చిన ఆ నమ్మకమే నాటకం దగ్గర కొంప ముంచింది.

నాటకం పిచ్చి చక్రధరరావుది. గనిలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, సొంతూరు తెనాలి వైపు. టౌన్‌షిప్ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా నాటకాలు వేయిస్తున్నాడు. ఈసారి పిచ్చి ఇంకాస్త ముదిరి, ఎలిజబెత్ రాణి కాలం నాటి ఒక ఇంగ్లీషు నాటకాన్ని హిందీలోకి మార్పించి, అంగళ్లలో, అంటే వారపు సంతల్లో, ఆడిద్దామని పూనుకున్నాడు. క్లబ్బంతా నవ్వింది. ఉప్పూ పొగాకూ కొనుక్కోవడానికి వచ్చేవాళ్లకు నాలుగు వందల ఏళ్ల నాటి దొరల గోల ఎందుకన్నారు. ఆయన వినే రకమా? ఆ రోజుల్లో ఆ నాటకాలు పట్టపగలే, పైకప్పు లేని చోట ఆడేవాళ్లట. కూలీనాలీ జనం నిలబడి, ఏదో ఒకటి నములుతూ, నటులతో వాదులాడుతూ చూసేవాళ్లట. అది అచ్చం మన అంగడే కదా అని ఆయన వాదన. మధ్యలో నిలబడి ప్రతి రంగానికీ ముందు నాలుగు ముక్కలు వాళ్ల భాషల్లో చెప్పే మనిషి దొరికితే చాలన్నాడు. మోకాలి నొప్పికి ఆస్పత్రికి పోయినప్పుడల్లా పొజ్జేను చూస్తున్నాడు కాబట్టి ఆ మనిషి కోసం దూరం పోనక్కర్లేకపోయింది.

కథ చిన్నదే. పొరుగు దేశంలో మహమ్మారి. చీకటి పడ్డాక కోట వాకిలి తీసినవాడికి ఉరి అని రాజు సభలో ప్రమాణం చేస్తాడు. బయట పిల్లాపాపలతో ఏడుస్తున్న జనాన్ని చూడలేక ఒకడు తీస్తాడు. తీసినవాడు రాజు కొడుకే. మాట దక్కించుకోవాలా, కొడుకును దక్కించుకోవాలా అన్నదే మిగతా నాటకం.

పొజ్జే ఒప్పుకున్నది చక్రధరరావు ముఖం చూసి కాదు. ఆమె తండ్రి లక్మా బాసగూడ పక్క ఊళ్లో కథలు చెప్పేవాడు. ఆ ఊళ్లో కథకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరో ఒకరు ఊ కొడితేనే కథ ముందుకు నడవాలి. ఊ కొట్టినవాళ్లు కథ అయ్యేదాకా లేవకూడదు, లేస్తే చెప్పేవాళ్లకు ఆయుష్షు తగ్గుతుందంటారు. లక్మా కథలకు ఎప్పుడూ ఊ కొట్టింది ఆయన పెళ్లాం, పొజ్జేను కన్న అవ్వ సన్నే. లక్మా పోయి పదకొండేళ్లయింది. ఆ తర్వాత సన్నే ఏ కథకూ ఊ కొట్టలేదు. మనవలు బతిమాలినా, పెళ్లిళ్లలో పెద్దలు అడిగినా మూసిన నోరు మూసినట్టే ఉంది. అవ్వ చేత ఒక్కసారి ఊ అనిపించుకోవాలని పొజ్జే ఆశ. నలభై నాలుగేళ్ల మనిషికి ఇదేం ఆశ అని మీరనుకుంటే అనుకోండి. అయ్య గొంతు తనకు వచ్చిందో రాలేదో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఆ ముసలామె ఒక్కతే.

మొదటి ఆట గీదం అంగడిలో. కళ్లు చూపించుకోవడానికి బచేలి వచ్చిన సన్నేను కూడా పొజ్జే వెంటబెట్టుకుపోయింది. చింతపండు బస్తాల పక్కన టార్పాలిన్ పరిచి, అదే కోట అన్నారు. పొజ్జే ముందుకొచ్చి ఆస్పత్రిలో చెప్పినట్టే మొత్తం చెప్పేసింది. వీడు రాజు, వీడు కొడుకు, వీడు వాకిలి తీస్తాడు, రాజు ఉరి వేయమంటాడు, చివరికి ఇలా అవుతుంది, ఎవరూ బెదరొద్దు. హల్బీలో ఒకసారి, గోండీలో ఒకసారి, దోర్లీలో ఒకసారి. జనం బుద్ధిగా విన్నారు. విని, కథ అయిపోయిందని బుట్టలు ఎత్తుకుని వెళ్లిపోయారు. రాజు వేషం కట్టిన రాంబాబు కిరీటం సర్దుకుంటూ వచ్చేసరికి ఎదురుగా రెండు మేకలూ, వాటిని అమ్మవచ్చిన మనిషీ మిగిలారు. సన్నే ఎప్పుడో లేచి టీ బడ్డీ దగ్గర కూర్చుంది.

తిరుగు బస్సులో పొజ్జే ఉండబట్టలేక, ఎట్లుందని అడిగింది. సన్నే కిటికీలోంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మంచిగనే చెప్పినవ్ బిడ్డా. దవాఖాన్ల చెప్పినట్టు చెప్పినవ్. ఊ కొట్టనీకి జాగ ఏడుంది అండ్ల?"

ఆ మాట ముల్లులా దిగింది. రెండు రోజులు పొజ్జే అయ్య కథ చెప్పే తీరే గుర్తు తెచ్చుకుంది. సరిగ్గా కథ బిగిసే చోట ఆయన ఆగేవాడు. చుట్ట వెలిగించుకోవడానికి ఆగాడని చిన్నప్పుడు అనుకునేది. అవ్వకు జాగా ఇచ్చేవాడని ఇన్నాళ్లకు తెలిసింది. తెలిసినందుకు సంతోషమూ, ఇంత ఆలస్యంగా తెలిసినందుకు ఏడుపూ రెండూ వచ్చాయి.

క్లబ్బువాళ్లు బాసగూడ ఆటే ఆఖరు అన్నారు. అక్కడా జనం నిలవకపోతే వేషాలు పెట్టెలో పెట్టేయడమే. చక్రధరరావు కంగారుపడి, ఈసారి ఇంకా వివరంగా చెప్పాలని పొజ్జేకు రెండు పేజీలు రాసిచ్చాడు. ఆమె మడిచి ఆయన చేతికే ఇచ్చేసింది.

"రోగికి ముందుగాల చెప్పాలె సార్. కథ వినేటోళ్లకు చెప్పొద్దు."

బాసగూడ అంగడికి సన్నే ఇప్పపువ్వు అమ్ముకోవడానికి వచ్చింది. నాలుగింటికి తన ఊరి వైపు కిషోర్ నడిపే జీపు పోతుందనీ, అందాకా కూర్చుంటాననీ ముందే చెప్పి, వెనక వరసలో ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుంది. ఊ అంటానని మాత్రం అనలేదు.

ఈసారి పొజ్జే రాజు ప్రమాణం దాకా చెప్పి తప్పుకుంది. బయట జనం ఏడ్చే రంగం వచ్చేసరికి అంగడి కదిలింది. ఒకాయన వాకిలి తియ్యమన్నాడు. ఇంకొకాయన రోగం అంటుకుంటుంది, తియ్యొద్దన్నాడు. పొగాకు అమ్మే కమ్లీ లేచి నిలబడి, నీకు పిల్లలు లేరా అని రాంబాబును గోండీలో తిట్టింది. రాంబాబుకు గోండీ రాదు, అయినా ముఖం మాడిపోయింది. చక్రధరరావు మోకాలి నొప్పి మరిచిపోయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆఖరి రంగానికి ముందు పొజ్జే మళ్లీ వచ్చింది. వాకిలి తీసినవాణ్ని భటులు పట్టుకొచ్చారనీ, ముఖానికి గుడ్డ కట్టి ఉందనీ, వాడెవడో రాజుకు ఇంకా తెలియదనీ చెప్పింది. "రాజు లేచి వచ్చిండు. ఆ గుడ్డ మీద చెయ్యి ఏసిండు," అని ఆగింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆస్పత్రిలో అయితే ఆ ఖాళీని ఆమె వెంటనే పూడ్చేసేది. నాలుక దురద పెట్టింది. పళ్ల మధ్య నొక్కి పట్టుకుంది. వెనక నుంచి రాంబాబు, మరిచిపోయావా అని గుసగుసగా అడిగాడు. అంతలో జీపు హారన్ మోగింది. సన్నే బుట్ట అందుకుంది. పొజ్జే అది చూసింది. అయినా ఆమె నోరు తెరవలేదు.

సన్నే బుట్టను ఒళ్లో పెట్టుకుంది.

"ఊ," అంది.

పదకొండేళ్లు వాడని ఆ గొంతు బొంగురుగా ఉంది. సన్నే ఊరి పెద్దవాళ్లు నలుగురైదుగురు తలలు తిప్పి చూశారు. పొజ్జే కళ్లు తుడుచుకోకుండానే తర్వాతి మాట అందుకుంది. హారన్ మళ్లీ మోగింది. కిషోర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, నాలుగు దాటింది, ఇంకో బండి లేదు, లెమ్మని సన్నే భుజం తట్టాడు. ఆమె తల కూడా తిప్పలేదు.

"నువ్వు పో బిడ్డా. నేను ఊ కొట్టిన."