అంచు సంగతి యాదగిరి గారు ముందే చెప్పారు

శుక్రవారం ఉదయం, మణికొండ.

నిన్న పొద్దున యాదగిరి గారు పోయారని ఆయన కూతురు స్వప్న ఫోన్ చేసింది. అప్పుడు ఇడ్లీ పిండి కలుపుతున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు.

గుండెనొప్పి. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట.

రాసే ఓపిక లేదు. కానీ ఆయన గురించి మన పాత గాజు సామాను గ్రూపులో నేనొక తప్పు మాట రాశాను. ఆయన ఉన్నప్పుడు దిద్దలేదు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం: నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, అద్దాల ఆఫీసు టవర్ల వెనక సందులో ఆయన షాపు. తండ్రి నాటి నుంచి గిన్నెలకు కళాయి వేసే పని. ఆ పని తగ్గాక పాత సామాను రిపేర్ చేసేవారు. మనం బ్రిటిష్ ప్రెస్డ్ గ్లాస్, అంటే అచ్చులో నొక్కి చేసిన గాజు గిన్నెలు, జాడీలు పట్టుకెళ్తే, అంచుకున్న లోహపు పట్టీ మొదటి నుంచీ ఉన్నదా, తర్వాత బిగించిందా అని చూసి చెప్పేవారు.

"గాజు సంగతి అడుగున కంపెనీ నంబర్ జెప్తది మేడం. అంచు సంగతి ఎవరు జెప్తరు?" అనేవారు.

ఒకసారి టవర్లకేసి చూపించి, "గింత గాజు పెట్టిన్రు, ఒక్కదానికన్న అంచు పెట్టిన్రా?" అన్నారు. నాకు నవ్వు తక్కువ. ఆ రోజు నవ్వాను.

నా గాజు సామాను వివరాలు రాసుకునే రిజిస్టరులో మూడు గడులుండేవి. వస్తువు, గాజు, లోహం. నాలుగోది, "అతుకు", ఆయనే పెట్టించారు. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, నాకు తట్టలేదు.

ఇప్పుడు అసలు విషయం.

మా అత్తగారి నీలం బిస్కెట్ జాడీ ఫోటో మీలో చాలామంది చూశారు. ఇంట్లో దాన్ని లండన్ జాడీ అనేవాళ్ళం. కిందటేడు ఆయనకు చూపించాను. ఇత్తడి పట్టీ లోపల గోరుతో తడిమి, భూతద్దం పెట్టి చూశారు. బ్రిటన్ ఫ్యాక్టరీ పట్టీ అయితే లోపల నున్నగా ఉంటుందని, గాజుకూ దానికీ మధ్య తెల్లటి ప్లాస్టర్ ఉంటుందని చెప్పారు. దీనికి లోపల సుత్తి దెబ్బలున్నాయి. సందులో గోధుమరంగు. లక్క అన్నారు.

"పాత అంచు ఇరిగితే మనోడెవడో చేసిండు మేడం. మస్తు చేసిండు."

ఆయన ఆ పనిని మెచ్చుకున్నారు. నేను మాత్రం మా జాడీని నకిలీ అన్నట్టే తీసుకున్నాను.

ఆ సాయంత్రమే ఇక్కడ పోస్ట్ పెట్టాను. యాదగిరి గారికి కళాయి తెలుసు, బ్రిటిష్ మౌంట్లు, అంటే ఈ అంచు పట్టీలు తెలియవు, జాగ్రత్త అని.

మీలో కొందరు ఆయన దగ్గరికి వెళ్ళడం మానేశారు. అది నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. స్వప్న ఆ పోస్ట్ చదివి వినిపించిందట.

ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. వెళ్ళినప్పుడల్లా "జాడీ ఎట్లున్నది మేడం?" అని మాత్రం అడిగేవారు. దానికి చింతపండు పెట్టొద్దని, వేడినీళ్ళు తగలనివ్వొద్దని మొదటి రోజే చెప్పారు.

ఈ శ్రావణంలో పూజ సామాను తోముతూ, పట్టీ నల్లబడిందని దానికీ చింతపండు పట్టించాను. ఇత్తడి తోమడం ఒకరు నాకు చెప్పాలా అనుకున్నాను. వేడినీళ్ళతో కడిగాను.

పట్టీ మొత్తం జారి చేతిలోకి వచ్చింది.

గాజు పగల్లేదు. వేళ్ళకు జిగురుగా అంటుకున్నది లక్కే.

రెండూ తుడిచి బీరువాలో పెట్టాను. రిజిస్టరులో ఏమీ రాయలేదు. అతుకు గడి ఖాళీగా వదిలెయ్యడం అదే మొదటిసారి.

తర్వాత రెండుసార్లు, చెప్పేద్దామనే షాపుకు వెళ్ళాను. మొదటిసారి ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు. "జాడీ ఎట్లున్నది?" అన్నారు.

"బాగుంది" అన్నాను.

షేర్ ఆటో వచ్చింది. ఎక్కేశాను.

ఆయనకు అర్థమయ్యే ఉంటుందని నిన్నంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలసిపోయాను. ఆయనకు అర్థమవడం వేరు, నేను చెప్పడం వేరు.

ఇక జరగాల్సినవి:

1. నా పాత పోస్ట్ తీసెయ్యను. దాని కిందే ఇదీ ఉంటుంది. రెండూ చదవండి.

2. అది చూసి వెళ్ళడం మానేసినవాళ్ళు ఈ ఆదివారం స్వప్న ఇంటికి వెళ్ళి, వాళ్ళ నాన్న చూసిపెట్టిన వస్తువు గురించి ఒక్క మాట చెప్పి రండి. గుంపుగా వెళ్ళకండి, ఇల్లు చిన్నది.

3. ఒప్పుకుంటే, పట్టీ మళ్ళీ స్వప్నే బిగిస్తుంది. ఆఫీసు లేని రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. లక్కతోనే బిగించాలి. గమ్ములు వద్దు.

4. రిజిస్టరులో ఈ ఉదయం రాసింది ఇది. గాజు: బ్రిటన్. లోహం: ఇక్కడి మనిషి పని, పేరు తెలియదు. అతుకు: లక్క. గుర్తించినవారు: యాదగిరి గారు.

5. యాదగిరి గారూ, జాడీ అంచు ఊడిపోయిందండీ. మీరు చెప్పిందే నిజం. ఇక నిమ్మళంగా ఉండండి.