గండికోటలో రెండో బిందె

ఎవరైనా గండికోట పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది పెన్నా లోయ కాదు, మా హెడ్మాస్టారి పాదాలు. నా చేతులు బొబ్బలెక్కితే ఆయన పాదాలు శుభ్రమయ్యాయి. తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది.

డెబ్బైలలో మాట. విజయవాడలో ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. నది కొండని కోసి లోయ చేస్తుందని ఏటేటా పాఠం చెప్పేదాన్ని. పుట్టి పెరిగిందేమో చల్లపల్లి పక్కన. ఎటు చూసినా బల్లపరుపు చేలు, చేలగట్టు దిగితే కాలవ. కొండని కోసే నదంటే ఎలా ఉంటుందో నాకే తెలీదు, ఇంక పిల్లలకేం చెప్తాను? అందుకే ఆ ఏడు ఎక్స్‌కర్షన్ గండికోటకే వెళ్ళాలని స్టాఫ్‌రూములో పోట్లాడి ఒప్పించాను. ఆ లోయని కళ్ళారా ఒక్కసారి చూడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

బస్సు బయల్దేరే ముందు వంటాయనకి జ్వరమని కబురొచ్చింది. హెడ్మాస్టారు ఏమాత్రం కంగారు పడలేదు. "మీరున్నారుగా అమ్మా!" అన్నారు. నలుగురు మాస్టార్లలో నేనొక్కదాన్నే ఆడదాన్ని మరి. చదివిన బీయెడ్ వంటకి పనికొస్తుందని నాకప్పుడే తెలిసింది.

తెల్లారాక కోట చేరాం. వానల్లేని సంవత్సరం. ఎర్రటి రాళ్ళు, ముళ్ళకంపలు, పొద్దున్నే చురుక్కుమనే ఎండ. పిల్లలకి బన్నులూ అరటిపళ్ళూ పంచాక హెడ్మాస్టారు, మిగతా మాస్టార్లు వాళ్ళని తీసుకుని లోయ వైపు నడిచారు. నేనూ చెప్పులేసుకుని బయల్దేరబోతే ఆయన ఆపారు.

"మీరు అన్నం సంగతి చూడండమ్మా. భోజనాలయ్యాక తీరిగ్గా చూద్దురుగాని. మధ్యాహ్నం తాడిపత్రి వెళ్ళాలిగా."

సరే కదా అని సామాను దింపించాను. బియ్యం మూట, కందిపొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ జాడీ, నెయ్యి డబ్బా, విస్తరాకులు, కిరసనాయిలు స్టవ్వు, అన్నీ ఉన్నాయి. నీళ్ళు లేవు. ఒక్క చుక్క లేదు! మా వైపు మనుషులం కదా, నీళ్ళు మోసుకెళ్ళాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. బస్సు ఎక్కడ దిగితే అక్కడ కాలవ ఉంటుందనుకున్నాం కాబోలు. అంతమంది చదువుకున్నవాళ్ళం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు కూడా మర్చిపోలేదు.

కోట లోపలే ఒక ఊరుంది. బిందె చంకనెత్తుకుని వెళ్ళాను. బావి దగ్గర ఆడవాళ్ళు వంతు కోసం కూర్చునున్నారు. అడుగున ఊరిన నీళ్ళు ఊరినట్టే తోడుకోవాలి.

"యాడనుంచి వచ్చినారమ్మా?" అని ఒకామె అడిగింది.

"బెజవాడండీ."

"కృష్ణ ఒడ్డున ఉండేటోళ్ళకి మా బాయి నీళ్ళు కావల్సొచ్చెనా!" అని అందరూ నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అయినా నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. చేద పైకి లాగే అలవాటు నాకేదీ? కొబ్బరి తాడు కోసుకుపోయి రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

మొదటి బిందె బస్సు దగ్గరికి తెచ్చేసరికి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేశారు, నాలుకలు పిడచకట్టుకుపోయి. అది వాళ్ళ గొంతులు తడవడానికే సరిపోయింది. పసివాళ్ళు, వాళ్ళననడానికేముంది? మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వంతు, మళ్ళీ అదే తాడు. రెండో బిందె తెచ్చి స్టవ్వు పక్కన దించి, వత్తులు సరిచేయడానికి వెనక్కి తిరిగాను. ఎసరు పడేస్తే చాలు, అన్నం ఉడికేలోపు ఒక్క పరుగున వెళ్ళి లోయ చూసి రావచ్చని లెక్కేసుకుంటున్నాను.

వెనక నీళ్ళ చప్పుడు. చూద్దును కదా, హెడ్మాస్టారు పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి చెంబుతో పాదాలు కడుక్కుంటున్నారు! పాదాలయ్యాక మొహం. మొహమయ్యాక పుక్కిలింత. ఆయన చెంబు పక్కాయనకిచ్చారు, ఆయన ఆ పక్కాయనకి. నేను గబుక్కున లేచి బిందె అందుకున్నాను. అప్పటికే బోర్లించినా చుక్క రాలేటట్టు లేదు.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క బిందె పట్టుకొచ్చేయండమ్మా, మీకు దారి తెలుసుగా," అన్నారాయన తువ్వాలుతో తుడుచుకుంటూ.

"మరి నేను లోయ ఎప్పుడు చూడాలండీ?"

"ఏముందండీ అక్కడ! పెద్ద గొయ్యి. మేం చూశాంగా."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బిందె తీసి ఆయన చేతుల్లో పెట్టాను. అందరూ చూస్తుండగా లోయ వైపు నడిచాను.

బండరాళ్ళు ఎక్కీ దిగీ అంచుకి చేరాను. ఉన్నట్టుండి కాళ్ళ ముందు నేల లేదు. ఎర్రటి రాతిగోడలు ఎదురెదురుగా నిలువునా దిగిపోయాయి, పొరమీద పొర. ఎక్కడో అట్టడుగున పెన్న, పచ్చటి నీటి పాయలా. అంత చిన్న నది అంత కొండని కోసిందా! గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుని కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. అందం చూసి కాదు. ఇంత దూరం తీసుకొచ్చి, దీన్ని నాకు చూపించకుండానే నన్ను తిరిగి బస్సెక్కించేవాళ్ళు కదా అని. అది వాళ్ళకి తప్పనిపించేది కూడా కాదు.

కడుపునిండా చూసి, తీరిగ్గా వెనక్కొచ్చాను. బియ్యం మూట విప్పనే లేదు. పిల్లలు మిగిలిన బన్నులు తింటున్నారు. ఖాళీ బిందె చుట్టూ మాస్టార్లు ఆవకాయ జాడీని చూస్తూ కూర్చున్నారు.

హెడ్మాస్టారు లేచారు. "ఇంతసేపా అమ్మా! ఆకలికి చచ్చిపోతున్నాం. నీళ్ళేవీ?"

"చూసొచ్చానండీ," అన్నాను. "ఆ గోతిలో కావలసినన్ని ఉన్నాయి. దిగి తెచ్చుకోండి."