నాయనమ్మను చెప్పనియ్యలేదు

2022 ఎండాకాలం. హన్మకొండలో ఒక ప్రైవేటు పిల్లల దవాఖానలో నేను సిస్టర్ ఇన్‌చార్జిని. నా నోటికి ఆయాలే కాదు, కుర్ర డాక్టర్లూ జడిసేవాళ్లు. అదో గొప్పనుకునేదాన్ని.

ఒక ఆదివారం తొర్రూరు దిక్కు పల్లె నుంచి ఆరేళ్ల శ్రావణిని వాళ్ల నాయనమ్మ చంకనేసుకొని తెచ్చింది. పల్లెల్లో తల్లి పోసిందనే చికెన్‌పాక్స్ పొక్కులు ఎండి చెక్కు కట్టాయి. జడలో వేపరెబ్బ. పిల్లకు కళ్లు నిలవడం లేదు.

"ఎన్నొద్దులాయె?"

"తల్లి వోసి పన్నెండొద్దులు బిడ్డా. మూడు తానాలు గాంది గడప దాటియ్యద్దని..."

"గోలి లేదు, సూది లేదు, ఏపాకుల మీద పండవెట్టినవా? మీ తల్లే వచ్చి మందు పోస్తదా?"

"అది గాదు బిడ్డా, నిన్నటి సంది పిల్ల..."

"నిన్నటిది ఇయ్యాల యాదికొచ్చిందా? జరుగు!"

కేస్ షీట్‌లో 'జ్వరం, నీరసం, తిండి లేదు' అని రాశాను. ఉన్న ఒక్క డ్యూటీ డాక్టరు నా రాతను నమ్మి సెలైన్ పెట్టించాడు.

మర్నాడు పొద్దున దుప్పటి మారుస్తుంటే బొడ్డు కింద గట్టిగా ఉబ్బు తగిలింది. మూత్రసంచి. మేమెక్కించిన సెలైనంతా అక్కడే ఆగింది. కాళ్లు లేపి వదిలితే దబ్బున పడ్డాయి.

"ఒంటికి ఎప్పటి సంది పోతలేదు?"

"మొన్నటి సందే. కాళ్లల్ల సత్తువ గూడ లేదు. గదే చెప్పొస్తి. నువ్వు చెప్పనిస్తివా?"

ఎమ్మారైలో మెదడు మీదా, వెన్నుపాములోనూ తెల్లటి మచ్చలు. దీన్ని అడెమ్ అంటారు. కరెంటు తీగకు తొడుగున్నట్టు నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. వైరస్ తగ్గుముఖం పట్టాక, దాని మీదికి లేచిన మన రక్షణ శక్తే ఒక్కోసారి దారితప్పి ఆ పొరను తినేస్తుంది. అరుదే. కానీ వస్తే ప్రతి గంటా లెక్కే.

అయిదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. తెలివి వచ్చింది, మాట వచ్చింది, ఎడమకాలు కదిలింది. కుడికాలు రాలేదు.

"ఆదివారమే మొదలుపెట్టి ఉంటే?" అని పెద్ద డాక్టర్ని అడిగాను.

"చెప్పలేం సిస్టర్."

నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

పిల్లను ఇంట్లో ఉంచడం తప్పే. ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఆ పన్నెండు రోజులూ పక్కన పండుకొని పిల్లను చూసింది ఆమె. నేను చూసింది వేపాకును.

ఇప్పటికీ తిడతాను, అబద్ధమెందుకు. ముందు మాత్రం కాళ్లు ఆడుతున్నాయా, ఒంటికి పోతోందా అని అడిగి, చెప్పినంతా వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను. ఆ పద్ధతి నాకు అబ్బడానికి శ్రావణి కాలు పోవాల్సి వచ్చింది.