ఎండాకాలం చూసి లేవన్నారు

నిన్నటి వానకు బయటికొచ్చిన నత్త ఒకటి తిరుచానూరులో మా పెరట్లో నా చెప్పు కింద చిట్లింది. అంత చిన్న చప్పుడుకే ఒళ్ళు మండిపోయింది. మా సరోజ మేడం గుర్తొచ్చారు.

ఆమె తిరుపతిలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. సొంతూరు పూతలపట్టు, ఉద్యోగంలో చేరేదాకా సముద్రమే చూడలేదట. అయినా సెలవు దొరికితే చాలు, మమ్మల్ని బస్సెక్కించి సూళ్ళూరుపేట దాటించి సముద్రపొడ్డున ఇసుక దిబ్బలకు తీసుకెళ్ళేవారు. అక్కడి పొదల్లో తెల్లటి చిన్న నత్తలుండేవి. గుల్లల మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టి వదిలేవాళ్ళం. మళ్ళీ వెళ్ళినప్పుడు చుక్కలున్నవెన్నో, లేనివెన్నో చూస్తే దిబ్బ మీద ఎన్ని బతుకుతున్నాయో అంచనా తెలిసేది. వానలకు అవి తడి ఇసుకలో గుడ్లు పెట్టేవి. పిల్లల్లో చాలావరకు పిట్టలకూ పురుగులకూ పోయేవి. మిగిలినవి ఎండలు ముదరగానే ఇసుకలోకి దిగి, గుల్ల మూతికి పల్చటి పొర కట్టుకుని నిద్రపోయేవి.

"సచ్చిపోయినాయి మేడం," అన్నాను మొదటిసారి చూసి.

"యాడ సచ్చినాయి? వాన కోసం కాసుకోనుండాయి. నువ్వూ కాసుకో."

ఒక వేసవిలో ఆ దిబ్బ మీదుగా రిసార్టుకు రోడ్డు వేస్తామన్నారు. అక్కడ ఏ జీవాలున్నాయో చూడడానికి ఒక అధికారి వచ్చాడు. పైపైన నడిచి, "ఏమీ లేవు కదమ్మా," అన్నాడు. మేడం మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తవ్వి, ఒక నత్తను అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చిలకరించారు. ఎండలో అలాగే కూర్చున్నాం. చాలాసేపటికి పొర ఊడి, కొమ్ములు బయటికొచ్చాయి.

"సూడప్పా, బతికే ఉండాది. నాలుగు వానలు పడినాక రా, దిబ్బంతా సూపిస్తా."

"నత్తల కోసం రోడ్డు ఆపమంటారా? మీ ఇంట్లో పెంచుకోండి," అని అతను నవ్వాడు.

వానల కంటే ముందే యంత్రాలు దిగాయి. మేం వెళ్ళేసరికి దిబ్బ లేదు. మేడం ఏడుస్తారనుకున్నాను. ఆమె కొంగు బిగించి నేరుగా ఆ అధికారి ఆఫీసుకు నడిచారు.

"నిద్రపోయేవాళ్ళ ఇల్లు కూలగొట్టి, పిలిస్తే ఎవురూ పలకలేదంటివే, నీకు సిగ్గుండాదా?"

బంట్రోతు మమ్మల్ని బయటికి పంపేశాడు. కాలేజీవాళ్ళు ఆ ప్రయాణాలే మాన్పించారు. పోయిన ఏడాది మేడం చనిపోతే, అదే కాలేజీలో సంతాప సభ పెట్టి ఆమెను శాంతమూర్తి అన్నారు. పళ్ళు కొరుక్కుంటూ విన్నాను.

నేనిప్పుడు శ్రీకాళహస్తిలో అదే పాఠం చెబుతున్నాను. మొన్న ఏప్రిల్‌లో కంకర కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేసి, వాళ్ళు తవ్వబోయే గుట్ట ఒకటి చూసి ఏ జీవాలూ లేవని చెప్పమన్నాడు.

"వానలు పడినాక వచ్చి సూస్తా," అన్నాను.

"అంతదాకా ఆగలేం మేడం. ఇంకొకర్ని పిలుచుకుంటాం."

సరోజ మేడం చెప్పిన శాస్త్రంలో సగం మరిచిపోయాను. ఆమె కోపం మాత్రం నాలో ఇసుమంతైనా తగ్గలేదు. మర్నాడే మా క్లాసు పిల్లల్ని వెంటబెట్టుకుని, నీళ్ళ సీసాలు పట్టుకుని ఆ గుట్టకు వెళ్ళాను, వాళ్ళ కంటే ముందే.